పలకకు అంచు తిప్పుడు: రాతి పెచ్చులు లేపే ముందు చెయ్యాల్సిన పని

రాయితోటి బాణం ములికి చేద్దామని ఉత్సాహంగ మొదలుపెట్టి వారం తిరగకముందే వదిలేసినోళ్ళను మస్తు మందిని చూసిన. అందరిదీ ఒకటే మాట, "ఎంత ఒత్తినా పెచ్చు లేస్తలేదన్నా, అంచు పిండి పిండి అయితుంది, ఇంక గట్టిగ ఒత్తితే పలక నడిమికి ఇరుగుతుంది" అని. వాళ్ళ పలక, అంటే మిషన్ మీద బిళ్ళ లెక్క కోసిన రాతి ముక్క, చేతులకు తీస్కొని చూస్తే మిషన్ మీదికెళ్ళి దిగినప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉంటది, చుట్టూ నిలువు అంచు, కింద మీద అద్దం లెక్క చదును. అసొంటి పలక మీద పదేండ్ల చెయ్యి తిరిగినోడు ఒత్తినా పెచ్చు లేవది.

ఎందుకంటే పాతరాతియుగం మనుషులు పలకలు కొయ్యలే. పెద్ద రాయిని ఇంకో రాయితోటి కొట్టి పెచ్చు తీసేటోళ్ళు, ఆ పెచ్చుకు పుట్టుకతోనే సన్నటి అంచు ఉంటది, దాని ముఖం జర ఉబ్బెత్తుగ ఉంటది, ఆ రెండూ ఉన్నయి కాబట్టే తర్వాత ఒత్తినప్పుడు సన్నగ పొడుగ్గ పెచ్చులు లేచేటియి. కోసిన పలకకు ఈ రెండూ ఉండయి. పలక తయారు చేసుడు అంటే ఆ రెండింటిని మన చేతులతోటి దానికి ఇచ్చుడే, అండ్ల నిలువు అంచును సన్నటి అంచుగ మార్చుడునే అంచు తిప్పుడు అంటున్న, కింద నేను చెప్పేదంత ఈ ఒక్క ముచ్చట చుట్టే తిరుగుతది.

ముందు రాయి సంగతి. ఇంగ్లాండ్, డెన్మార్క్ దిక్కు సుద్ద పొరల్ల దొరికే అసలు ఫ్లింట్, అంటే చెకుముకి రాయి, మన దగ్గర లేదు. మనకు దాని వరస రాళ్ళున్నయి, చర్ట్, అగేట్, జాస్పర్, అన్నీ సిలికానే, 1 నుంచి 10 దాకా ఉండే గట్టితనం కొలతల 7 కు అటు ఇటు, పగిలితే గాజు లెక్క చిప్ప ఆకారంల పగులుతయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ల ఎక్కువ నేల గ్రానైట్, చెల్కల్ల ఎక్కడ చూసినా పలుగురాళ్ళు తెల్లగ కనపడ్తయి కాబట్టి చాలామంది దాంతోనే మొదలుపెడ్తరు. పలుగురాయి కూడ సిలికానే, పాతకాలపోళ్ళు దాంతోటి చిన్న చిన్న పనిముట్లు చేసిన్రు కూడ, కానీ దాని లోపట కంటికి కనపడని పగుళ్ళు జాలి లెక్క అల్లుకొని ఉంటయి, పలకగ కోస్తే సగం మిషన్ మీదనే విడిపోతది. నేర్చుకునేటోళ్ళకు నేనైతే వద్దనే చెప్త.

మంచి రాయి కావాలంటే కృష్ణ ఒడ్డు. ఎగువల మహారాష్ట్ర దిక్కు నల్లరాయి పొరల్ల పుట్టిన అగేట్లు, జాస్పర్లు నది కొట్టుకొచ్చి గులకరాళ్ళల్ల కలుపుతది. తంగిడి దగ్గర తెలంగాణల అడుగుపెట్టినకాడికెళ్ళి జూరాల, బీచుపల్లి, సోమశిల దాకా ఎండకాలం నీళ్ళు తగ్గినప్పుడు గులకల్ల కూసొని ఓపికగ ఏరితే పిడికెడంత ముక్కలు దొరుకుతుంటయి, తాండూరు, కొడంగల్ దిక్కు నల్లరేగడి చేన్లల్ల కూడ చూడొచ్చు, చేను ఎవరిదో వాళ్ళను అడిగి. ఒక సంచి కంటే ఎక్కువ తేకండి, అంత అవసరం కూడ లేదు. అమ్రాబాద్ పులుల అడవిల మాత్రం ఒక్క రాయి కూడ ముట్టొద్దు, చట్టం ఒప్పుకోదు. ఇంకోటి, ఏరుతుంటే పాతకాలపు పనిముట్టే కనపడొచ్చు, అంచు పొడుగునా వరసగ పెచ్చులు లేపిన గుర్తులు ఉంటయి, దాన్ని ఆడ్నే వదిలెయ్యాలె. ఫోటో తీస్కోండి చాలు. అది ఏ మట్టిల, ఏ పొరల ఉన్నదన్నదే దాని కథ, ఇంటికి తెచ్చి అల్మారిల పెడితే ఆ కథ పోయినట్టే. అసొంటివి చూడాలంటే సాగర్‌ల లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంకు పోండి. 1954 నుంచి 1960 దాకా డ్యామ్ నీళ్ళు రాకముందు ఆ లోయ మొత్తం తవ్విన్రు, రాతియుగం పనిముట్లు ఆడ అద్దాల వెనుక ఉన్నయి, వాటి అంచులు దగ్గరికెళ్ళి చూస్తే నేను రాసినదానికంటే ఎక్కువ అర్థమైతది.

ఏరిన రాయిని ఆడ్నే పరీక్ష చెయ్యాలె. రెండు వేళ్ళ మధ్య వదులుగ పట్టుకొని చిన్న గులకతోటి తట్టండి, ఖంగుమని మోగితే లోపట గట్టిగ ఉన్నట్టు, పగిలిన కుండ లెక్క దబ్బుమంటే పగులున్నట్టు. తర్వాత నీళ్ళల్ల ముంచి తీసి ఎండకు పట్టుకొని ఊకనే చూస్తుండండి. పైన తడి అరనిమిషంల ఆరిపోతది, కానీ పగులు ఉన్న చోట నీళ్ళు లోపట దాగి ఉంటయి కాబట్టి వెంట్రుక లాంటి నల్లగీత ఒకటి ఆరకుండ మిగుల్తది. ఆ గీత ఏ దిక్కు పోతుందో మార్కర్‌తోటి గీసి పెట్టుకోండి, కోసేటప్పుడు పనికొస్తది. ఏటి రాళ్ళ మీద ఇంకో గుర్తు కూడ ఉంటది, చిన్న చిన్న నెలవంకలు, గోరుతోటి నొక్కినట్టు. వరదల రాయి రాయి గుద్దుకొని పడ్డ దెబ్బలు అవి, ఒక్కో నెలవంక కింద చిన్న పగులు లోపటికి దిగి ఉంటది. పైతోలు మీద అవి ఒత్తుగ ఉంటే ఆ మందమంత కోసి పారెయ్యాల్సిందే అని లెక్కేస్కోండి.

రాయి దొరకలేదని పని ఆపొద్దు. అద్దాల షాపుల 8, 10, 12 మి.మీ. మందం గాజు ముక్కలు మిగిలినయి పడేస్తుంటరు, అడిగితే ఇస్తరు. అది రెడీమేడ్ పలక, చదరపు అంచుతోటి సహా, అంచు తిప్పుడు నేర్చుకునేటందుకు దానికి మించింది లేదు. కాకపోతే మామూలు గాజే కావాలె, టఫెన్డ్ గాజు వద్దు, దాని మీద దెబ్బ పడితే మొత్తం ఒక్కసారే చిన్న చిన్న గింజలయి రాల్తది. తాండూరు బండ ముక్కలు కూడ కొంతవరకు పనికొస్తయి, సున్నపురాయి మెత్తన కాబట్టి పదును నిలవది గనీ దెబ్బ ఎట్ల పోతదో చేతికి తెలుస్తది. కర్నూలు దిక్కు జ్వాలాపురంల పాతరాతియుగపోళ్ళు సున్నపురాయితోటే పనిముట్లు చేసిన్రు, కాబట్టి దాన్ని తక్కువ చెయ్యొద్దు.

ఇగ కోసుడు. మేస్త్రీల దగ్గర ఉండే 4 అంగుళాల మార్బుల్ కట్టర్ అంగుళం కంటే కొంచెం ఎక్కువ లోతే దిగుతది, రెండు దిక్కులకెళ్ళి కోస్తే రెండు అంగుళాల చిల్లర రాయి తెగుతది. కానీ గుండ్రటి ఏటిరాయిని చేతుల పట్టుకొని కట్టర్ పెట్టుడంటే వేళ్ళ మీద ఆశ వదులుకున్నట్టే, అది ఒక్కసారి దొర్లిందంటే అయిపాయె. ఒక చెక్క డబ్బాల పీఓపీ కలిపి పోసి రాయిని సగానికి పైగా అండ్ల ముంచి గట్టిపడినాక డబ్బాను బిగించి కొయ్యాలె. దానికంటే మంచిది నీళ్ళ తొట్టి ఉండే టేబుల్ కట్టర్ ఉన్న టైల్స్ పనోళ్ళ దగ్గరికో, గ్రానైట్ కోసే యూనిట్‌కో పోయి కోయించుకునుడు. నేను మొదట్ల ఒక దుకాణంల ఇచ్చి వచ్చిన, మందం ఎంతో చెప్పకుండ. సాయంత్రం పోతే టైల్స్ లెక్క 4 మి.మీ. పలకలు కోసి పెట్టిన్రు, మూడు నెలలు ఏరిన రాళ్ళు మొత్తం పోయినయి, ఒక్కటి కూడ పనికిరాలే. కాబట్టి నిలబడి కోయించుకోండి, స్కేలు చేతుల పట్టుకొని.

మందం 8 మి.మీ. అడుగుతా నేను. 6 కంటే తక్కువ అయితే అంచు తిప్పేలోపే మందం అయిపోతది, 10 దాటితే ఒత్తుడుతోటి పలచగ చేసుడు కష్టం, కొట్టాల్సి వస్తది. కోసే దిక్కు విషయంల ఆ నల్లగీత గుర్తుకు తెచ్చుకోండి. పగులు ఏ దిక్కు పోతుందో బ్లేడు కూడ ఆ దిక్కే పోవాలె, అప్పుడు ఒక్క పలకే చెడిపోతది, మిగిలినయన్ని బతుకుతయి. అడ్డం కోస్తే ప్రతి పలకల ఆ పగులు ఉంటది. బ్లేడు పళ్ళు లేకుండ నిండు అంచు ఉన్న డైమండ్ బ్లేడు అయి ఉండాలె, కోత నున్నగ వస్తది. చర్ట్ గట్టిది కాబట్టి కొద్దిసేపటికే బ్లేడు నున్నబడి కొయ్యకుండ జారుతది, అప్పుడు బలంగ తోసుడు కాదు, పాత ఎర్ర ఇటుకను రెండు మూడు సార్లు కోస్తే బ్లేడుల వజ్రపు గింజలు మళ్ళ బయటికి వస్తయి. నీళ్ళు, కరెంటు ఒక్కతాన ఉంటయి, ఇంట్ల కోసేటట్టయితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) లేని బోర్డుకు వైరు పెట్టొద్దు, ప్లగ్గుకు పోయే వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళ మీదికి పోయేటట్టు చూస్కోండి, చుక్కలు ప్లగ్గుల దాకా పోవు.

దుమ్ము గురించి గట్టిగ చెప్తున్న, ఇది దాటేసి పోకండి. ఈ రాళ్ళ పిండి సిలికా పిండి. పలుగురాయి పిండి పట్టే మిల్లుల్ల పనిచేసి సిలికోసిస్ పట్టి దగ్గి దగ్గి పోయినోళ్ళు మన జిల్లాల్లనే ఉన్నరు, ఆ రోగం వస్తే తగ్గించే మందు లేదు. కోసినా, సాన పట్టినా నీళ్ళతోటే చెయ్యాలె, పొడిగ ఒక్క నిమిషం కూడ వద్దు. మూతికి తువ్వాల చుట్టుకుంటే సరిపోదు, కనీసం ఎన్95 మాస్క్. పెచ్చులు లేపుడు వరండల, చెట్టు కింద, గాలి మన వెనుకకెళ్ళి వచ్చేటట్టు కూసొని. కోసినప్పుడు వచ్చే తెల్లటి బురద ఆరితే అదే దుమ్ము, కాబట్టి తడిమీదనే బకెట్ల కడిగి పేరనిచ్చి గుంత తీసి పూడ్చాలె. పనిచేసిన బట్టలు దులపొద్దు, నీళ్ళల్ల ముంచాలె. కండ్లకు అద్దాలు అన్నింటికంటే ముందు, పెచ్చు ఎగిరే దిక్కు మనం చెప్పినట్టు వినది.

పలక చేతికి వచ్చినాక దాని మీద ములికి బొమ్మ గీస్కోవాలె. మొదటిసారి వెడల్పు 30 మి.మీ. దాటనియ్యకండి. ఎందుకంటే రెండు అంచులకెళ్ళి లేచే పెచ్చులు నడిమిట్ల కలవాలె, అంటే ఒక్కో పెచ్చు 15 మి.మీ. అన్నా పరుగెత్తాలె, చేతి ఒత్తుడుకు మొదట్ల అంతకు మించి పోదు. వెడల్పు ఎక్కువ పెట్టుకుంటే నడిమిట్ల తాబేలు వీపు లెక్క ఒక దిమ్మె మిగుల్తది, దాన్ని తీసేటందుకు ఒత్తి ఒత్తి చివరికి పలకనే ఇరగ్గొట్టుకుంటరు. పొడుగు 60, 70 చాలు. గీసిన బొమ్మ బయటి మూలలు కట్టర్ మీదనే కోసెయ్యండి, మూల మిగిలితే ఆ మూలకే పని అంత ఆగుతది.

కాల్చుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె. అగేటు, జాస్పరు, మొండి చర్టు పచ్చిగ ఉన్నప్పుడు ఎంత ఒత్తినా మొరాయిస్తయి, సన్నగ కాల్చి చల్లార్చితే గాజు లెక్క తేలిగ్గ పెచ్చు లేస్తది. ఇది కొత్త ముచ్చట కాదు, దక్షిణాఫ్రికాల పినకిల్ పాయింట్ గుహల 70 వేల ఏండ్ల కిందటే రాయిని కాల్చి పనిచేసిన్రు అని తేలింది. మన దేశంలనే గుజరాత్ ఖంభాత్‌ల పూసలు చేసేటోళ్ళు అగేటును ముందు ఎండల ఆరబెట్టి, తర్వాత మట్టి కుండలల్ల పెట్టి కాలుస్తరు, పసుపుపచ్చ రాయి ఎర్రగ మారేది అట్లనే, అండ్లున్న ఇనుము వేడికి రంగు మారుతది. పలకగ కోసినాకనే కాల్చాలె, రాయి మొత్తంగ కాల్చొద్దు, పలక అయితే వేడి అంతట సమంగ ఎక్కుతది, నిండు రాయి అయితే పైన వేడి లోపట చల్లగ ఉండి పగులుతది.

మొదట తడి పోవాలె. కోసేటప్పుడు తాగిన నీళ్ళు లోపట ఉంటయి, అవి ఆవిరైతే పలక పేలుతది. మన నల్లగొండ ఎండలు ఏప్రిల్, మే నెలల 44, 45 డిగ్రీల దాకా పోతయి కదా, డాబా మీద మూడు నాలుగు రోజులు పడెయ్యండి, ఆ తర్వాత ఓవెన్ల 100 డిగ్రీల కాడ ఒక రాత్రి. ఇసుకను కూడ పెనం మీద వేయించి తడి లేకుండ చేస్కోవాలె. ఒక ఇనుప డబ్బాల రెండు అంగుళాల ఇసుక పోసి, పలకలను నిలువుగ, ఒకదానికొకటి తగలకుండ వేలెడు దూరంల పెట్టి, మీద మళ్ళ రెండు అంగుళాల ఇసుక పొయ్యాలె. కిల్న్ (వేడిని అదుపుల పెట్టే బట్టీ) ఉన్నోళ్ళు గంటకు 25, 30 డిగ్రీల కంటే ఎక్కువ ఎక్కనియ్యకుండ 250 దాకా తీస్కపోయి మూడు నాలుగు గంటలు ఆడ నిలపాలె. సరిపోకుంటే తర్వాతి సారి 280, 300. 400 దాటిస్తే పలక మీద గుండ్రటి గుంటలు పడ్డట్టు మూతలు మూతలుగ పెచ్చులు ఊడిపోతయి, లేకుంటే సన్న పగుళ్ళు జల్లెడ లెక్క వస్తయి. మాది మిర్యాలగూడ దిక్కు, రైస్ మిల్లుల ఊకకు కొదువ లేదు, కిల్న్ లేనప్పుడు నేను ఊకతోటే కాలుస్త. డబ్బా చుట్టూ మీద అడుగు మందం ఊక కుప్ప పోసి పైన నిప్పు పెడితే మంట లేకుండ కుమిలి కుమిలి తెల్లార్లు కిందికి దిగుతది. వేడి కొలిచే మీటర్ వైరు ఇసుకల గుచ్చి పెట్టుకోవాలె, 300 దాటుతుంటే ఊక పక్కకు లాగాలె, అందాజా మీద కాల్చుడు వద్దు. ఇల్లుకు, గడ్డివాముకు దూరం, గాలి లేని రోజు చూస్కొని.

చల్లారేదాకా డబ్బాను ముట్టొద్దు. ఒకసారి పొద్దుగాల ఊక బూడిద అయింది కదా అని ఇసుక పక్కకు జరిపిన, చెయ్యి పెడితే గోరువెచ్చగ అనిపించింది గనీ అడుగున ఇంకా మస్తు వేడి ఉన్నది. చల్లగాలి తగలంగనే లోపటికెళ్ళి టిక్, టిక్ అని సప్పుడు మొదలైంది, గోళీలు ఒకదానికొకటి తగిలినట్టు. ఏడు పలకలల్ల ఆరు పగిలినయి, పగులు చూస్తే నిమ్మకాయ తొనలు విడిచినట్టు ఉన్నది. అప్పటికెళ్ళి ఒక పగలు ఒక రాత్రి పూర్తిగ దాటినాకనే తీస్తున్న. కాలిందో లేదో పైన చూస్తే తెల్వది, పాత ముఖం మొద్దుగనే ఉంటది. మూలకు చిన్న పెచ్చు లేపండి, కొత్తగ బయటపడ్డ చోటు నూనె రాసినట్టు నిగనిగలాడితే కాలినట్టు. కాల్చకముందు లేపిన పెచ్చు ఒకటి దాచిపెట్టుకొని పక్కపక్కన పెట్టి చూస్కోండి. గాజుకు, అబ్సిడియన్‌కు (అగ్నిపర్వతాల్ల పుట్టే గాజురాయి) ఈ కాల్చుడు అవసరం లేదు.

ఇగ అసలు పని, అంచు తిప్పుడు. పలక చుట్టూ ఉన్న నిలువు అంచుకు మొత్తం నల్ల మార్కర్ రంగు పుయ్యండి, ఆ నలుపు మీద సరిగ్గ నడిమిట్ల తెల్ల పెన్సిల్‌తోటి చుట్టూ ఒక గీత గియ్యండి. పని అయిపోయేదాకా ఈ గీతే మీకు దారి. సూత్రం ఒక్కటే, పెచ్చు ఏ ముఖం మీద లేవాలెనో, ఒత్తే అంచు నడిమి గీతకంటే ఆ ముఖం దిక్కు ఉండాలె. అవతల దిక్కు ఉంటే పలక ఇరుగుతది. మా పక్క ఊర్ల రాయి కొట్టే పెద్దమనిషి ఒకాయనకు నా ములికిలు చూపిస్తే చేతుల తిప్పి చూసి, "రాయి ఎట్లయినా పగులుతది బిడ్డా, దానికి పోయే దారి నువ్వు ముందు చూపాలె" అన్నడు. ఆయన గ్రానైట్ బండలు చీల్చేటోడు, పని వేరే, గనీ మాట ఇదే.

సానరాయి ఉన్నోళ్ళు ఇట్ల చెయ్యాలె. పలక ఒక ముఖాన్ని మీదికి పెట్టి, అంచును ఏటవాలుగ నీళ్ళు పోస్కుంట అరగదియ్యాలె, ఏటవాలుకు కింది ముఖానికి మధ్య 60 డిగ్రీలకు అటు ఇటు కోణం మిగిలేటట్టు. అప్పుడు పలక అంచు నడిమి గీత దాటి కింది ముఖం దిక్కు దిగుతది. ఇగ ఆ ఏటవాలు మీద ఒత్తితే పెచ్చు కింది ముఖం మీద లేస్తది, ఒకదాని పక్కన ఒకటి వరసగ లేపుకుంట పోవాలె. ఆ వరస అయినాక పలక తిప్పితే ఇప్పుడే లేచిన పెచ్చుల గుంటలే కొత్తగ ఒత్తే జాగలు, వాటి మీద ఒత్తితే పెచ్చు అవతలి ముఖం మీద లేచి మీరు అరగదీసిన ఏటవాలును కూడ కొట్టుకపోతది. కోణం 45 కంటే తగ్గిస్తే అంచు మరీ సన్నబడి రాగి మొన ఆనంగనే పిండి అయితది, 80 దాటితే పెచ్చు లోపటికి పోకుండ మధ్యల విరిగి మెట్టు పడ్తది. మెట్టు ఒకటి పడిందంటే తర్వాతి పెచ్చు కూడ ఆడ్నే ఆగుతది, అక్కడనే పదిసార్లు ఒత్తకండి, పక్కకెళ్ళి, లేకుంటే ఎదురు అంచుకెళ్ళి పెచ్చు పంపి దాని కిందికెళ్ళి తియ్యాలె.

సాన లేనోళ్ళు కొట్టి తిప్పాలె. చిన్న గులకరాయితోటి ఒక ముఖం మీద, అంచుకు ఒక చీమ పట్టేంత దూరంల, కిందికి కొట్టండి, నిలువు అంచుల నుంచి చిన్న పెచ్చు ఊడి ఒక గుంట పడ్తది. పలక తిప్పండి. ఆ గుంట పక్కనే, ఇప్పుడు ఈ ముఖం దిక్కుకెళ్ళి ఇంకో దెబ్బ. ఒకటి ఇటు ఒకటి అటు, చుట్టూ తిరిగొచ్చేసరికి చదరపు అంచు పోయి పాము పాకినట్టు వంకర అంచు మిగుల్తది, మార్కర్ నలుపు ఎక్కడన్న మిగిలి ఉంటే ఆడ అంచు ఇంకా తిరగలేదన్నట్టు. ఖంభాత్‌ల పూసలు చేసేటోళ్ళది ఇంకో పద్ధతి, భూమిల సూది లాంటి ఇనుప మేకు పాతి, రాయిని దానికి ఆనించి పట్టుకొని, బర్రె కొమ్ముతోటి చేసిన సుత్తెతోటి రాయి మీద కొడ్తరు, దెబ్బ మీదికెళ్ళి పడితే పెచ్చు మేకు దిక్కుకెళ్ళి లేస్తది. కొమ్ము సుత్తె దెబ్బ మెత్తగ పడ్తది కాబట్టి రాయి నలగది. నేను చేసి చూసిన, చిన్న ముక్కలకు బ్రహ్మాండంగ పనిచేస్తది.

ఎట్ల తిప్పినా సరే, ఒత్తే ముందు అంచును కార్బొరండం రాయితోటి (కత్తులు నూరే గరుకు రాయి) గర గర రుద్ది మొద్దు చెయ్యాలె. పదును చెయ్యాల్సిన దాన్ని మొద్దు చేసుడేంది అని కొత్తోళ్ళకు అనిపిస్తది. బ్లేడ్ లాంటి అంచు ఒత్తుడు తట్టుకోదు, నలిగిపోతది, బలం లోపటికి చేరది. మొద్దు చేసిన అంచు ఒత్తుడు మొత్తం పట్టుకొని ఒక్కసారే పెచ్చుగ వదుల్తది. వేలితోటి రాస్తే తెగొద్దు, బియ్యం గింజ అంచు లెక్క తగలాలె, అప్పుడు సరిపోయినట్టు. ప్రతి వరసకు ముందు మళ్ళ రుద్దాలె, ఒక్కసారి చేసి వదిలేస్తే కాదు.

అంచు అయింది, ముఖం మిగిలింది. అద్దం లెక్క చదునున్న ముఖం మీద మొదటి పెచ్చులు వెడల్పుగ, పొట్టిగ లేస్తయి, ఎందుకంటే పెచ్చు పరుగెత్తేది గట్టు పట్టుకొనే, చదును మీద గట్టు లేదు. మొదటి వరసకు అట్లనే ఉంటది, నిరాశ పడొద్దు, రెండు పెచ్చుల మధ్య మిగిలిన సన్న గట్టు వెనుక మొన పెట్టి ఒత్తితే రెండో వరస దాని మీదికెళ్ళి పొడుగ్గ పోతది. ముఖాలకు కూడ మార్కర్ రంగు పూసుకుంటే ఎక్కడిదాకా పెచ్చు పోయిందో, నడిమిట్ల ఇంకెంత చదును మిగిలిందో కనపడ్తది. ఓపిక ఉన్నోళ్ళు రెండు ముఖాలను సాన మీద పప్పు బద్ద లెక్క ఉబ్బెత్తుగ అరగదీసి ఆ తర్వాత పెచ్చులు లేపుతరు, అప్పుడు పెచ్చులు ఒకే తీరుగ, అలల లెక్క వస్తయి. ఐదు వేల ఏండ్ల కిందట ఈజిప్టుల, ఆ తర్వాత డెన్మార్క్‌ల చేసిన రాతి కత్తుల్ల కొన్నింటికి ఇట్లనే ముందు అరగదీసి మీద పెచ్చులు లేపిన్రు, అంత అందం ఆ అరగదీసుడు వల్లనే. మొదటి పలకకు వద్దు గనీ పదో పలకకు చేసి చూడండి.

ఒత్తే సామాను పెద్దగేం లేదు, ఎర్తింగ్‌కు వాడే మందం రాగి తీగ ముక్క, కట్టె పిడిల దిగ్గొట్టి మొనను సన్నగ అరగదీస్కుంటే చాలు, చెప్పులు కుట్టేకాడ దొరికే మందం తోలు అరచేతిల పెట్టుకొని పలకను దాని మీద ఆనించాలె. ముందు లోపటికి నెట్టి బలం నింపి, తర్వాత కిందికి వంచాలె. టక్కుమని చిన్న సప్పుడు, తోలు మీద చేప పొలుసు లాంటి పెచ్చు పడి ఉంటది. దాన్ని ఎండకు పట్టి చూస్తే అంచులకెళ్ళి వెలుతురు వస్తది. అట్ల వస్తే మీ పలక తయారైనట్టు.

పెచ్చులు, ముక్కలు గోనె పట్టా మీదనే రాలాలె, కింద నేల మీద కాదు. అవి గాజు పెంకుల కంటే మోసం, పిల్లల కాళ్ళకు, గొర్ల గిట్టలకు దిగితే మస్తు ఇబ్బంది. అన్నీ పాత పెయింట్ డబ్బాల పోసి, అండ్ల ఈ సంవత్సరం ముద్ర ఉన్న రూపాయి బిళ్ళ ఒకటి వేసి, మూత బిగించి లోతుగ పూడ్చండి, రేపు ఎవరన్న తవ్వితే పాతరాతియుగందని పొరబడకుండ. చేసిన ప్రతి ములికి మీద కూడ, అడుగు దిక్కు గోరంత కోత ముఖం వదిలిపెట్టి, డైమండ్ మొన పెన్నుతోటి మీ పేరు మొదటి అక్షరం, సంవత్సరం గీకండి.